చేసినవాడా, వాడినవాడా?

డోరీన్ హౌస్లీ ఒక పాత ఉలిని నాలుకతో ఒక్కసారి తాకిందంటే చాలు, దాన్ని చేసిన మేస్త్రి పేరు, అతని పెళ్ళాం పేరు, ఆ ఉలి కొలిమిలోంచి బయటపడ్డ పూట వాళ్ళింట్లో ఏం వండుకున్నారో కూడా చెప్పేస్తుంది. షెఫీల్డ్‌లో ఈ మాట నమ్మనివాళ్ళు ఎవరన్నా ఉంటే వాళ్ళు రైలు దిగి గంటైనా కాని లండన్ వాళ్ళయి ఉంటారు.

ఊరికే అనడం లేదు, నా ఎదురుగా జరిగిందే చెబుతాను. ఒకసారి బార్న్స్లీ నుంచి ఒక పెద్దాయన తాతల నాటి సుత్తి పట్టుకొచ్చాడు. రాణిగారి ఓడ కట్టినప్పుడు మొదటి మేకు కొట్టిన సుత్తి అని వాళ్ళింట్లో చెప్పుకుంటున్నారట. డోరీన్ పిన్ని దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, మీ తాతగారు రైలు వర్క్‌షాపులో పనిచేసేవారా అని అడిగింది. ఆయన కుర్చీలో కూలబడ్డాడు. ఎలా తెలిసిందమ్మా అన్నాడు. "ఇది రైలు కంపెనీ సుత్తి నాయనా. ఇదిగో వాళ్ళ ముద్ర. మీ తాత ఇంటికి ఎత్తుకొచ్చాడు," అంది. ఆయన సుత్తిని కోటు కింద దోపుకుని మెట్లు దిగిపోయాడు. ఓడ సంగతి ఇప్పటికీ మానలేదని విన్నాను. మానక్కర్లేదు కూడా. నిజం తెలిసింది కదా అని మంచి కథను వీధిలో పారేసుకునేవాళ్ళంటే నాకు మొదటి నుంచీ గిట్టదు.

పిన్నికి ఆ కన్ను ఊరికే రాలేదు. ప్రతి వస్తువు మీదా పేరు కొట్టడం మా ఊరి రోగం. కత్తి మీద, కత్తెర మీద, ఆకురాయి మీద, ఆఖరికి చెంచా వెనక కూడా. అలా కొట్టాలంటే ఉక్కు అచ్చు కావాలి. ఆ అచ్చుల్ని చెక్కిపెట్టే కొట్లు వేరే ఉండేవి. డోరీన్ బడి మానగానే అలాంటి కొట్లో చేరింది. వేలెడంత ఉక్కు ముక్క కొసన అక్షరాలను తిరగేసి, అద్దంలో కనిపించినట్టు చెక్కాలి. ఆకురాయి ఒక వెంట్రుకవాసి జారితే ఆ అచ్చు పోయినట్టే. అక్కడే తల నెరిసింది. ఇప్పటికీ అద్దంలోని అక్షరాలను గబగబా చదివేస్తుంది గానీ మామూలు పేపరు చదవడానికి మాత్రం పూటంతా పడుతుంది. మనుషుల్ని కూడా లోపలి నుంచి బయటికి చదువుతుందని నా అనుమానం.

చేత్తో చెక్కిన అచ్చు ఏదీ ఇంకోదానిలా ఉండదు. ఒకదాంట్లో 'ఎస్' నడుము ఒక పక్కకి వాలుతుంది, ఇంకోదాంట్లో 'ఆర్' కాలు పొట్టిది. పిన్ని వాటిని మొహాలు గుర్తుపెట్టుకున్నట్టు గుర్తుపెట్టుకుంటుంది.

కార్ఖానాలు ఒకదాని వెంట ఒకటి మూతపడ్డ ఏళ్ళలో అచ్చుల కొట్టు కూడా మూతపడింది. పోర్టర్ వాగు పక్కన పాత కార్ఖానా పైఅంతస్తులో ఆమె పనిచేసిన గది మాత్రం ఆమె పేరనే మిగిలింది. ఇలా గది అద్దెకు తీసుకుని సొంత చేతుల మీద బతికేవాళ్ళను మా ఊళ్ళో చిన్న మేస్త్రులు అంటారు. కింద గదిలో కత్తులు పదునుపెట్టే సిడ్నీ, మధ్య అంతస్తులో వెండి గిన్నెలకు మెరుగుపెట్టే అక్కాచెల్లెళ్ళు, పైన పిన్ని. పొయ్యి, కెటిల్, ఉత్తరపు కిటికీ కింద ఒక బల్ల, అంతే ఆ గది.

పనిపోయిన మగాళ్ళంతా అప్పట్లో పనిముట్లు సంచుల్లో వేసుకుని ఆదివారం సంతకు తెచ్చేవాళ్ళు. అక్కడ ఒక బల్ల నాది. పేరు తెలిసిన రంపానికి ఒక ధర, తెలియనిదానికి ఇంకో ధర. తెలియకపోతే నేనే ఒక పేరు పెట్టి, దానికో పుట్టుపూర్వోత్తరం కల్పించి అమ్మేవాణ్ణి. వినేవాళ్ళకి కళ్ళు చెమర్చేవి. నా కథ విని రంపం కొన్న ఒక పెద్దమనిషి దాన్ని పిన్ని దగ్గరికి తీసుకెళ్ళి, అసలు సంగతి తెలిసి ఏడ్చాడట. మర్నాడే ఆమె సంతకొచ్చి నా చెవి పట్టుకున్నంత పనిచేసింది. ఒరేయ్ నెవిల్, ఇక నుంచి ప్రతి శనివారం నీ సరుకంతా నా బల్ల మీద పెట్టి, నేను చెప్పిన పేరే చెప్పి అమ్ముకో అంది. అలా నాకు రెండో బడి మొదలైంది. మొదటి బడిని నేను మధ్యలో వదిలేశాను గానీ దీన్ని వదలడం నా చేతుల్లో లేకపోయింది.

ఆ బడిలో పాఠం ఒకటే. చేసినవాడా, వాడినవాడా?

పాత చిత్రికను చూడండి, వడ్రంగి చెక్కను తోసి నున్నగా చేసేది. మొత్తం బీచ్ అనే చెట్టు చెక్క, మధ్యలో ఉక్కు పలక, దాన్ని బిగించే చీల. దాని ముక్కు మీద, అంటే ముందు కొస మీద, ఒకటి కాదు, రెండు మూడు పేర్లు ఉంటాయి. కొత్తగా మోజు పుట్టినవాళ్ళు అందులో నల్లగా పెద్దగా కనిపించిన పేరు పట్టుకుని, ఇతనే దీన్ని చేసిన మహానుభావుడు అని గంతులేస్తారు. మా ఊళ్ళో అందరూ ఒకసారైనా చేసే తప్పు ఇదే. నిజానికి ఆ పేరు చాలాసార్లు దాన్ని కొనుక్కుని వాడుకున్న వడ్రంగిది. పిన్ని మాటల్లో చెప్పాలంటే, "చేసినవాడు ఒక్కసారే కొడతాడు, తిన్నగా కొడతాడు, అమ్ముకోవాలి కాబట్టి. వాడినవాడు నాలుగుచోట్ల కొడతాడు, వంకరగా కొడతాడు, పక్కవాడు ఎత్తుకుపోతాడని." ముందు ఆ రెంటినీ విడదీయాలి. తర్వాతే వయసు. పది అంగుళాలు దాటి పొడవుండి, పై అంచులు వెడల్పుగా బల్లపరుపుగా చెక్కి ఉంటే బాగా పాతది. పొట్టిదై అంచులు సన్నగా గుండ్రంగా ఉంటే తర్వాతి తరం. పేరు చుట్టూ రంపపు పళ్ళలాంటి గీత ఉంటే, ఆ పేరు మేస్త్రిదే అయివుంటుంది.

పేరు అరిగిపోయినా, ఎవడో చదును చేసి చెరిపేసినా పిన్ని వదలదు. కెటిల్ మూతి దగ్గర ఆవిరి పట్టిస్తుంది. అచ్చు కొట్టినప్పుడు కింద చెక్క నలిగి అణిగిపోతుంది. పైన ఎంత చదును చేసినా ఆ నలిగిన చెక్క లోపల అలాగే ఉంటుంది. తడి తగలగానే ఉబ్బుతుంది. అప్పుడు ఆ చెరిపేసిన పేరే, గుంటగా కాదు, గట్టుగా పైకి లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నేను కుర్చీ వెనక్కి జరుపుకున్నాను. పూడ్చిపెట్టినవాడు దుప్పటి తోసుకుని లేచి కూర్చున్నట్టుంటుంది.

ఆ గదిలో ఆవిరి తగలని చిత్రిక ఒకటే. పొయ్యికి దూరంగా, కిటికీ వెలుతురు పడని అరలో, మెత్తటి గుడ్డలో చుట్టి ఉండేది. చెక్క పలకల అంచును సన్నగా గుండ్రంగా తీర్చే రకం, టీ రంగు తిరిగిన బీచ్ చెక్క. ముక్కు మీద నడిమధ్య, తిన్నగా, ఒక్కసారే కొట్టిన పేరు జె. హౌస్లీ. పిన్ని ముత్తాత జాన్ హౌస్లీ, చిత్రికలు చేసిన మేస్త్రి.

ఇది ఆమెకి ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. మా ఊళ్ళో ఇంటిపేరుకన్నా ముందు ఇంటిపని అడుగుతారు. మీది కత్తులా, కత్తెరలా, ఆకురాళ్ళా అని. డోరీన్ వాళ్ళ నాన్న విల్ఫ్రెడ్ ఉక్కు కొలిమి దగ్గర బొగ్గు తోసిన కూలి. అచ్చుల కొట్లో చేరిన కొత్తల్లో తోటి ఆడపిల్లలు, తరతరాల పనిముట్ల ఇళ్ళ పిల్లలు, ఆమె పాడుచేసిన ఉక్కు ముక్క ఎత్తి చూపి, "పార పట్టిన ఇంటి పిల్లకి అచ్చు పట్టడం వస్తుందా" అని నవ్వారట. ఆ సాయంత్రం వాళ్ళ నాన్న అటక మీంచి ఈ చిత్రిక దించి చేతిలో పెట్టాడు. మనదీ పనిముట్ల ఇల్లేనమ్మా, మధ్యలో దారి తప్పింది, అంతే అన్నాడు. మర్నాడు ఆమె దాన్ని కొట్టుకి తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. మళ్ళీ ఎవ్వరూ ఆ మాట ఎత్తలేదు. ఆమె బతుకంతా ఆ చెక్క ముక్క మీద నిలబడిందంటే అది నా కోత కాదు.

ఈ లోపు ఊళ్ళో పాత పనిముట్ల సంఘం వాళ్ళు షెఫీల్డ్ మేస్త్రులందరి పేర్లతో పుస్తకం వేస్తున్నారు. సంఘానికి పెద్ద హ్యూబర్ట్ ఆలట్. బస్సుల ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ మీటింగుకి ఎవరన్నా ఆలస్యంగా వస్తే గడియారం చూసి, తర్వాతి బస్సు రేపేనండి అంటాడు. సంఘానికి ఒక నియమం ఉంది. ఒకే ముద్ర ఉన్న పనిముట్లు రెండు దొరికితేనే ఆ పేరును మేస్త్రిగా ఒప్పుకుంటారు. జాన్ హౌస్లీ పేరున దొరికింది ఒక్కటే. అయినా డోరీన్ మాట కాబట్టి నియమం పక్కనపెట్టి, ఆ పేరు ఎక్కించాలని అందరూ ఒప్పుకున్నారు. ఆ వారం గురువారం మీటింగులో ఒకసారి పైకి చదివి, తర్వాత అచ్చుకి పంపడమే తరువాయి. అన్నాళ్ళూ పిన్ని కొంచెం వేరే మనిషిలా ఉంది. సిడ్నీ కత్తి బాలేదని కూడా అనలేదు. అది చూసి సిడ్నీ ఆమెకి ఒంట్లో బాలేదేమోనని బెంగపడ్డాడు.

ఆ ముందు శనివారం డ్రోన్‌ఫీల్డ్ నుంచి ఎల్సీ బ్రామల్ అని ఒకావిడ వచ్చింది. పిన్ని ఈడే. వడ్రంగి మొగుడు పోయి ఏడాదైంది. ఆయన చిత్రికలన్నీ కూరగాయలు తెచ్చుకునే చక్రాల సంచిలో వేసుకుని, బస్సెక్కి, మూడంతస్తులూ టకటకలాడించుకుంటూ పైకి లాక్కొచ్చింది. ఆవిడకి కావలసింది చిన్న విషయమే. వీటిని తమ్ముడి కొడుక్కి ఇస్తుందట, ఇచ్చేటప్పుడు ఇవి ఎవరివో చెప్పి ఇవ్వాలట.

"కూర్చో వదినా, టీ పెడతాను," అంది పిన్ని.

"పెట్టు గానీ వదినా, పాలు ఎక్కువ పొయ్యకు. మా ఆయన బతికుండగా టీ పేరు చెప్పి పాలే తాగించాడు."

ఒక్కొక్కటే తీసి బల్ల మీద పెడుతుంటే పిన్ని పేర్లు చెబుతోంది. ఇది ఫలానా మేస్త్రిది, ఇది పొట్టిది, మీ మామగారి కాలంది. ఇదెవడో ఇంట్లో చేసుకున్నాడు, బాగానే చేశాడు. ఎల్సీ ప్రతిదానికీ చిన్నగా ముక్కుతో ఊఁ కొడుతోంది. నేను కేకు తింటున్నాను. ఇంతలో పిన్ని ఒకదాన్ని వెలుతురు వైపు తిప్పింది. చేతిలో పలకల అంచు తీర్చే చిత్రిక. ముక్కు మీద, పైన, రంపపు పళ్ళ గీత మధ్యలో టి. యాపిల్‌యార్డ్ అన్న పేరు, తిన్నగా, ఒక్కసారి. దాని కింద ఇంకో పేరు మూడుసార్లు, ఒకటి తలకిందులుగా. జె. హౌస్లీ.

నేను చూశాను గానీ నాకు అర్థం కాలేదు. పిన్ని వేలు చివరి అక్షరం మీద ఆగింది. అందులో 'వై' తోక విరిగి ఉంది. అరలో ఉన్న చిత్రిక మీద కూడా 'వై' తోక విరిగే ఉంటుంది. అది కాలం అరగదీసింది అనుకునేవాళ్ళం. రెండుచోట్లా ఒకే తోక విరిగిందంటే అది అరుగుదల కాదు. ఒకే అచ్చు.

ఎల్సీకి మాత్రం పిన్ని ఏ తడబాటూ లేకుండా చెప్పింది. ఇది యాపిల్‌యార్డ్ అనే మేస్త్రిది వదినా, ఆ పేరు నేనెప్పుడూ వినలేదు, ఇన్నేళ్ళలో మొదటిసారి చూస్తున్నాను. ఒక వారం నా దగ్గర ఉంచుతావా అంది. ఆవిడ ఉంచుకో అంది. కింద ఉన్న పేరు ఎవరిది అని కూడా అడిగింది. వాడినవాడిదమ్మా అంది పిన్ని. ఆ మాట ఎన్ని వందల మందికి చెప్పిందో, అంత మామూలుగానే చెప్పింది.

ఎల్సీ మెట్లు దిగేదాకా ఆగి నేను నోరు తెరిచాను. నా నోరు అంతకన్నా ఎక్కువ ఆగదు.

"పిన్నీ, చలిగా లేదూ? పొయ్యిలోకి ఇంకో చెక్క వేద్దామా?"

ఆమె నా వైపు చూసింది.

"ఎల్సీ అత్తకి పోయిందని చెబుదాం. నేను చెబుతాను, నమ్ముతుంది. నా మాట నమ్మనివాళ్ళు లేరు కదా."

"ఎండిన బీచ్ చెక్క," అంది పిన్ని, చిత్రికను చేతిలో తూచినట్టు చూసి. "బాగా మండుతుంది." అని దాన్ని బల్ల మీద పెట్టింది.

అప్పుడు నేను లాయరునయ్యాను. మీ ముత్తాత మేస్త్రే అయివుండి, పక్కవాడి చిత్రిక ఒకటి కొనుక్కుని ఉండకూడదా అన్నాను. మాంసం కూరిన పై రొట్టెలు చేసి అమ్మేవాడు పక్క కొట్లో పై రొట్టె కొంటాడా అంది. రుచి చూడటానికి కొంటాడు అన్నాను. "కొని, దాని మీద తన పేరు మూడుసార్లు కొట్టుకుంటాడా నాయనా? ఒకటి తలకిందులుగా?" అంది. నా కేసు అక్కడే కొట్టేశారు.

కింద సిడ్నీ సానరాయి చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. తర్వాత పిన్ని లేచి అరలోంచి గుడ్డ మూట తీసింది. విప్పింది. కెటిల్‌లో నీళ్ళు నింపి పొయ్యి మీద పెట్టింది.

నేను వద్దన్నాను. నిజంగానే వద్దన్నాను. ఈ ఒక్కదాన్ని వదిలెయ్యి పిన్నీ, ఇందులో నువ్వు తెలుసుకోవాల్సింది ఏముంది అన్నాను. ఆమె దగ్గర అప్పటికి ఎంతమంది తాతల కథలు కూలిపోయాయో నాకు తెలుసు. వాళ్ళలో ఎవరూ వద్దని అడగలేదా? అడిగారు. వాళ్ళకి ఆమె ఏమని చెప్పేదో కూడా నాకు తెలుసు. తెలుసుకోవడానికేగా వచ్చావు అనేది.

కెటిల్ మూతిలోంచి ఆవిరి తెల్లగా వచ్చింది. ఆమె చిత్రిక ముక్కును దానికి దగ్గరగా, కొంచెం ఏటవాలుగా పట్టింది. మొదట చెక్క నల్లబడింది. జె. హౌస్లీ అన్న పేరు అలాగే గుంటగా ఉంది. దానికి పైన, పేరు లేని నున్నటి జాగాలో, ఒక పన్ను లేచింది. దాని పక్కన ఇంకోటి. సన్నటి రంపపు పళ్ళ గీత వేలితో తాకితే తెలిసేలా గట్టుగా లేచింది. తర్వాత అక్షరాలు. ముందువి లేవలేదు. చివరివి లేచాయి. 'యార్డ్'.

పిన్ని దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి అడ్డంగా పెట్టి చూసింది. నేను ఊరుకోలేక, మీ ముత్తాత అసాధ్యుడే పిన్నీ, మేస్త్రి పేరు చెరిపేసి తన పేరు కొట్టుకున్నాడు, నాకన్నా ఘనుడు అన్నాను. నవ్విద్దామనే అన్నాను.

"చెరిపెయ్యలేదు," అంది. "ఉక్కు పలక వదులు చెయ్యాలంటే ముక్కు మీద సుత్తితో కొట్టాలి. కొట్టీ కొట్టీ చెక్క చిట్లింది. చిట్లిన మేర చదును చేసి, శుభ్రంగా తన పేరు మళ్ళీ కొట్టుకున్నాడు. అబద్ధమాడింది ఆయన కాదు."

ఎవరు ఆడారో ఆమె చెప్పలేదు. వాళ్ళ నాన్న విల్ఫ్రెడ్ ఆ చిత్రికను ఇచ్చేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాడట, పొయ్యి దగ్గర పెట్టకు, తడి తగలనివ్వకు అని. చెక్క పాడవుతుందని అలా అన్నాడా, లోపల ఏముందో తెలిసే అన్నాడా అని నేను అడిగాను. "చెక్క పాడవుతుందని," అంది ఆమె. చిత్రికను గుడ్డతో తుడుస్తూ మళ్ళీ అదే మాట అంది, ఈసారి నాకు కాదు.

గురువారం వాన. మీటింగు మామూలుగా సారాకొట్టు మేడగదిలోనే. కింద నుంచి పై రొట్టెలు, బఠాణీలు, దాని మీద పుదీనా పచ్చడి వచ్చాయి. పిన్ని చెయ్యి సంచి ఒళ్ళో పెట్టుకుని గోడ పక్కన కూర్చుంది. ప్లేటు ముట్టుకోలేదు. దారిలో బస్సులో కూడా నేను నా వంతు ప్రయత్నం చేశాను. ఎల్సీ చిత్రిక తిరిగిచ్చేద్దాం, నీది మళ్ళీ ఆరబెట్టి గుడ్డలో చుట్టేద్దాం, పుస్తకంలో ఒక పేరు ఎక్కువైతే ఊరేం మునగదు అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూ ఊఁ అంది. ఆ ఊఁకి అర్థం అవునో కాదో బస్సు దిగేదాకా తేలలేదు.

ఆలట్ ఒక్కో పేరూ పైకి చదువుతున్నాడు. ఎవరికైనా అభ్యంతరమా అని అడుగుతున్నాడు. 'హెచ్' దగ్గరికి వచ్చాడు. "హౌస్లీ, జాన్. చిత్రికల మేస్త్రి," అని చదివి, కళ్ళజోడు మీంచి పిన్ని వైపు చూసి నవ్వాడు. ఎవరో గ్లాసు ఎత్తారు. అభ్యంతరమా అని ఈసారి అడగలేదు.

పిన్ని లేచి, సంచిలోంచి రెండు చిత్రికలూ తీసి బల్ల మీద పక్కపక్కన పెట్టింది.

"అందరూ చూసి చెప్పండి. చేసినవాడా, వాడినవాడా?"

చిత్రికలు చేతులు మారాయి. ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ ఈ ప్రశ్న ఆమె దగ్గరే నేర్చుకున్నవాళ్ళు. ఒక్కొక్కరూ ముక్కు తిప్పి చూసి, తోక విరిగిన 'వై' మీద వేలు పెట్టి, పక్కవాడికి అందించారు. మా ఊళ్ళో మీసాలున్న మగాడు ఇంకో మీసాల మగాణ్ణి బంగారం అని పిలుస్తాడు. ఆ రోజు చిత్రిక అందిస్తూ ఆ మాట కూడా ఎవ్వరూ అనలేదు. ఆఖరికి ఆలట్ చేతికి వచ్చాయి. భూతద్దం జేబులోంచి తీసి, చూడకుండానే మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు.

"డోరీనమ్మా, ఇది ఇవాళే తేల్చాల్సిన పని లేదు. పేరు పక్కన 'కావచ్చు' అని ఒక మాట పెడదాం."

"హ్యూబర్ట్, నువ్వు నీ రంపం పట్టుకొచ్చినప్పుడు నేను 'కావచ్చు' అన్నానా?"

"అనలేదు. పుట్టినరోజని కూడా చూడలేదు నువ్వు."

"మరి?"

ఆలట్ పెన్సిల్ తీశాడు గానీ కాగితం మీద పెట్టలేదు. నా చేత అనిపించకు, నువ్వే చెప్పు అన్నాడు.

"వాడినవాడు," అంది పిన్ని.

అతను కొట్టేశాడు. సన్న గీత, అక్షరాలు ఇంకా కనిపించేలా. ఆమె అతని భుజం మీంచి వంగి చూసి, ఇంకా లావుగా కొట్టెయ్యి, అచ్చువాడు పొరపాటున వేసేస్తాడు అంది. లావుగా కొట్టేశాడు. తర్వాత, జాబితాలో పైకెళ్ళి మొదటి అక్షరం దగ్గర యాపిల్‌యార్డ్ అని రాయమంది. నియమం ప్రకారమే రెండు ముద్రలు, ఒకటి డ్రోన్‌ఫీల్డ్ ఎల్సీ వదినది, ఒకటి నాది అంది. రెండూ జె. హౌస్లీ వాడినవని కూడా రాయనా అని ఆలట్ మెల్లగా అడిగాడు.

"మిగతావాళ్ళకి వాడినవాళ్ళ పేర్లు వేస్తున్నావా?"

"లేదు."

"అయితే వెయ్యకు."

తర్వాత కూర్చుని, చల్లారిపోయిన పై రొట్టె మొత్తం తినేసింది. నేను పెద్ద ప్రసంగం ఏదో వస్తుందని ఎదురుచూశాను, అది లేకపోతే ఈ కథ ఎలా చెప్పేదని నా బాధ. పుదీనా పచ్చడి ఇటు జరుపు అంది, అంతే.

మరుసటి శనివారం నేను వెళ్ళేసరికి గదిలో చెక్క వాసన. ఆ చిత్రిక గుడ్డలో లేదు, అరలో లేదు, బల్ల మీద ఉంది. ఉక్కు పలక తీసి నూనెరాయి మీద పదునుపెట్టి, మళ్ళీ బిగించి, ఎక్కడిదో ఒక పైన్ చెక్కను బల్లకి బిగించి తోస్తోంది. మేస్త్రి ముత్తాత చేసింది అనుకున్నన్నాళ్ళూ దాన్ని ఎవ్వరూ వాడలేదు. వాడితే పాపం అన్నట్టుండేది. మొదట ఆ చెక్క చిట్లింది. ఉక్కు పలకను కొంచెం వెనక్కి లాగింది. రెండోసారి సన్నటి చెక్కపొర ఉంగరాలు తిరుగుతూ పైకి వచ్చి బల్ల కింద పడింది. అంచు నున్నగా, గుండ్రంగా, పెన్సిల్ పక్కన పెట్టినట్టు తేలింది. పిన్ని దాని మీద బొటనవేలు నడిపింది. నన్నూ నడపమంది. చిత్రిక పక్కన, బొటనవేలు ఆనే చోట, చెక్క చిన్న గుంటలా అరిగి ఉంది. ఇన్నాళ్ళూ మేమిద్దరం పేరు చూశాం గానీ ఆ గుంట చూడలేదు. అందులో వేలు పెట్టి తోస్తే చిత్రిక తనంతట తనే తిన్నగా పోతోంది.

ఎల్సీ వచ్చి తన చిత్రిక తీసుకెళ్ళింది. తమ్ముడి కొడుక్కి ఏమని చెప్పాలి అని అడిగితే, యాపిల్‌యార్డ్ చేశాడు, హౌస్లీ వాడాడు, బ్రామల్ వాడాడు, ఇక నీ వంతు అని చెప్పు వదినా అంది పిన్ని.

నేనైతే ఊరుకోను. మేస్త్రి కాకపోతేనేం, అరిగిన ఆ గుంట చూస్తే తెలియదా ఆయన ఎంత పని చేశాడో. ఈ షెఫీల్డ్‌లో సగం ఇళ్ళ కిటికీలు జాన్ హౌస్లీ చేతి మీదుగా వచ్చినవే. ఆయన పుట్టకముందు ఈ ఊరి జనం గోడల్లోంచే వాన చూసేవారు. ఈ మాట ఆదివారం సంతలో ఎంతమందికైనా చెబుతాను, నమ్ముతారు కూడా.

ఇదంతా రాసి పిన్నికి చదివి వినిపించాను. ఆమె సూదిలో దారం ఎక్కిస్తూ విన్నది. ఉలిని నాలుకతో తాకడం గురించి విని ఏమీ అనలేదు. మనుషుల్ని లోపలి నుంచి చదువుతుందన్న చోటా ఏమీ అనలేదు. చివరికి వచ్చాక మాత్రం ఆ కిటికీల మాట మళ్ళీ చదవమంది. చదివాను.

"ఆ చిత్రికతో కిటికీలు చెయ్యరు. అల్మారాలు చేశాడు."